తెగిన కాప్పు

పార్థిబన్ పరుగు మొదలుపెట్టి ఒక పగలూ ఒక రాత్రీ గడిచిపోయాయి. తిరువళ్లూరు నుంచి తిరుత్తణికి, అక్కణ్ణించి వెనక్కి తిరువళ్లూరికి, మళ్లీ తిరుత్తణికి. ఈ మూడో విడతలో, ఆడికృత్తిక పండక్కి మురుగుడి కొండకు వచ్చే జనాన్ని చీల్చుకుంటూ పోయి, కొండ మెట్లెక్కి పైన నిలబడితేనే పరుగు పూర్తయినట్టు. తిరువళ్లూరు రైల్వే గేటు పక్కన రేకుల షెడ్డులో కస్తూరమ్మ నడిపే అన్నం బ్యాంకుకు ఆవడి ఫ్యాక్టరీల కార్మికులు వేసుకున్న చందా, పొన్నేరి మిల్లుల వాళ్లు ఒప్పుకున్న బియ్యం అప్పుడే వస్తాయి. ఒక్క అడుగు తక్కువైతే ఒక్క గింజ రాదు. దానం చేసేవాళ్లకు ఎప్పుడూ ఇలాంటి సరదాలు ఉంటాయి. ఆకలిగొన్నవాడికి ఊరికే అన్నం పెడితే వాళ్లకు ఏదో వెలితిగా ఉంటుంది. మధ్యలో ఇంకెవడో నెత్తురు కక్కుకోవాలి, అది వాళ్లు ఫోనులో చూడాలి.

పోయిన వారం మనం పార్థిబన్‌ను కనకమ్మచత్రం దాటాక, మూతబడ్డ ఇటుక బట్టీ వెనక ఒక బోరు దగ్గర వదిలేశాం. కస్తూరమ్మ మజ్జిగ కోసం మోపెడ్ మీద ఊళ్లోకి పోయింది. అతను బూట్లు విప్పి, బొబ్బలు చితికిన పాదాల మీద నీళ్లు పోసుకుంటున్నాడు. అప్పుడే వెనకనుంచి "బావా" అని ఎవరో పిలిచారు.

గొంతు గుర్తుపట్టడానికి అతను తల తిప్పనక్కర్లేదు. అది భార్య జ్యోతిక తమ్ముడు, యువరాజ్ గొంతు. మీసాలు రాకముందు నుంచి తన భుజం మీద చెయ్యేసుకుని తిరిగినవాడు. రేషన్ బియ్యం కొని నగరి అవతలికి దాటించే ఏకాంబరం దగ్గరికి వాణ్ణి పనికి తీసుకెళ్లింది కూడా పార్థిబనే. పార్థిబన్ అక్కడ మూటలు మోశాడు, లారీలకు కాపలా పోయాడు, ఏకాంబరం చూపించిన వాళ్ల చేతులు విరిచాడు. తర్వాత బయటికొచ్చేశాడు. ఊరికే రాలేదు, పోలీసుల ముందు అంతా చెప్పి మరీ వచ్చాడు. వచ్చే నెల కోర్టులో ఏకాంబరం మీద అతనే సాక్షి. యువరాజ్ మాత్రం ఇంకా అక్కడే ఉన్నాడు.

"ఏం యువా, నీళ్లు తాగుతావా?" అంటూ పార్థిబన్ లేవబోయాడు.

ఇనప రాడ్డు అతని వీపు మీద పడింది.

ఎముక మీద ఇనుము పడితే వచ్చే చప్పుడు పెద్దగా ఏమీ ఉండదు. తడిగుడ్డ బండకేసి కొట్టినట్టు ఉంటుంది. పార్థిబన్ బోరు కింది బురదలో ముఖం మోపి పడ్డాడు. నోట్లోకి బురద, ముక్కులోకి నీళ్లు. దగ్గు వస్తే దగ్గడానికి ఊపిరి లేదు. యువరాజ్ వెంట వచ్చిన ఇద్దరు అతన్ని చెరో రెక్కా పట్టి పైకి లేపారు. ఒకడు లావుపాటివాడు, పొగాకు కంపు కొడుతున్నాడు. ఇంకొకడు సన్నంగా, గడ్డం మాసి ఉన్నాడు.

"మోకాలు," అన్నాడు యువరాజ్. "మోకాలు ఒకటే. తల మింద యాడా తగలకూడదు, చెప్పినా గదా?"

"రేయ్ యువా, ఈ పొద్దే కావాల్సి వచ్చిందా నీకు? రేపు వచ్చుంటే నేనే నీ ఇంటి ముందర కూసోని కాలు చాపి ఇచ్చుందును."

"రేపటికి నువ్వు ఉండాల గదా బావా."

"ఏకాంబరం ఎంత ఇచ్చినాడు రా, మీ అక్క మొగుడి కాలికి?"

యువరాజ్ రాడ్డు ఎడమచేతికి మార్చుకుని కడుపులో ఒక గుద్దు గుద్దాడు. పార్థిబన్ వంగిపోయాడు. పొద్దున తాగిన అంబలి ముక్కులోంచి కూడా వచ్చింది. రెండో దెబ్బ దవడ మీద పడింది. మూడోది ఎక్కడ పడిందో అతనికే తెలియలేదు. చెవుల్లో రోడ్డు మీద కొండకు కావళ్లు మోసుకుపోయే జనం మురుగుడి పేరున అరుస్తున్న "అరోగరా" మాత్రం వినిపిస్తోంది. పక్కనే వేలమంది భక్తులు. బట్టీ గోడకు ఇవతల ఒక మనిషిని కొడుతున్నారు. గోడ మందమెంతో పాపం వాళ్లకేం తెలుసు! తెలిసినా ఆగేవాళ్లు ఎందరో రాసేవాడికి అనుమానమే.

ఇంత దెబ్బ తింటూ పార్థిబన్ చెయ్యి ఎత్తలేదు. ఎత్తలేక కాదు. ఆ చేతులు లారీ తలుపులు ఊడబీకిన చేతులు. అలిసిపోయినా, ఆ ఇద్దరినీ చెరో పక్కకీ విసిరేసే సత్తువ భుజాల్లో ఇంకా మిగిలే ఉంది. ఆ సత్తువ వేళ్ల కొసల దాకా వచ్చి, అక్కడ ఆగి, వెనక్కి పోతోంది. పళ్లు బిగబట్టి దాన్ని వెనక్కి తోస్తున్నది అతనే.

లావుపాటివాడు అతని కుడిచెయ్యి మెలితిప్పాడు. చెమట తుడుచుకోవడానికి మణికట్టుకు చుట్టుకున్న తుండుగుడ్డ ఊడి కింద పడింది. దాని చాటున మణికట్టుకు పసుపు పూసిన దారం, దానికి ముడేసిన పసుపుకొమ్ము.

వాడు కరెంటు తీగ తాకినట్టు చెయ్యి వదిలేశాడు.

"అన్నా! ఈయప్పకు కాప్పు ఉండాది!"

"ఉంటే ఏందిరా?"

"ఉంటే ఏందా? మా యమ్మ ఈ పొద్దు కావడి ఎత్తుకోని కొండకు పోతా ఉండాది అన్నా. కాప్పు కట్టినోణ్ణి కొడితే ఆ మురుగుడు ఊరికే ఇడుస్తాడా? మా ఇంట్లో దీపం వెలుగుతాదా?"

సన్నటివాడు కూడా రెక్క వదిలేసి, అరచేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "నేను రెండు దెబ్బలు ఏసినా," అన్నాడు ఏడుపు గొంతుతో. "చూడకుండానే ఏసినా. తెలీకుండా చేసింది పాపం కాదు గదా అన్నా?"

ఆ ప్రాంతంలో మొక్కున్న మనిషికి కంకణం కడితే దాన్ని కాప్పు అంటారు. కాప్పు ఉన్నంతకాలం వాడు మాంసం ముట్టడు, మంచం ఎక్కడు, ఎవరి మీదా చెయ్యెత్తడు. వాడి మీద కూడా ఎవరూ చెయ్యి వెయ్యరు. పార్థిబన్‌కు కట్టింది కస్తూరమ్మ. నిన్న షెడ్డు ముందు, అన్నానికి వచ్చిన వాళ్లందరి ఎదుట. రౌడీ పరిగెడితే మేం చందా ఎందుకివ్వాలని ఆవడిలో ఎవరో సణిగారట. "ఇదో, ఈ దారం వానికి కట్టినా," అందామె. "కొండెక్కి విప్పేదాకా వాని చెయ్యి లేస్తే, నా షెడ్డుకు నేనే బీగం ఏస్తా." అన్న మాట జరిపించే మనిషి ఆమె. పార్థిబన్‌కు అది తెలుసు. అందుకే వీపు చిట్లుతున్నా చేతులు కిందే ఉన్నాయి.

ఆ ఇద్దరి సంగతి కూడా చెప్పాలి. కూలి దొరక్క రేషన్ బియ్యం అమ్ముకున్న ముసలామెను చెంప మీద కొట్టినవాళ్లు. చంటిపిల్లలున్న ఇంటి తలుపులు తన్నినవాళ్లు. ఆ రోజుల్లో వాళ్ల ఇంట్లో దీపాలు బాగానే వెలిగాయి. దారప్పోగు ముందు మాత్రం వాళ్లకు ఒళ్లు వణికింది. మనుషులకు భయం లేదని ఎవరన్నారు? ఉంది. ఎక్కడ ఉండాలో అక్కడ లేదు, అంతే.

"సుమ్మా ఉండండి రా, నోరు మూసుకోని!" అని అరిచాడు యువరాజ్. అతని నుదుటి మీద చెమట. రాడ్డు ఎత్తాడు, దించాడు. మళ్లీ ఎత్తాడు. అతని కళ్లు మోకాలి మీద కాక మణికట్టు మీదే నిలిచాయి. అతని తల్లి కూడా ప్రతి ఏడూ కావడి మోసిన మనిషే.

"కొట్టరా," అన్నాడు పార్థిబన్, నెత్తురు ఉమ్మి. "బెదిరిపోయినావేమి? దారానికా?"

"నీకు బెదరను."

"నాకు బెదరాల్సిన పని ఈ పొద్దు లేదులే. నిన్న పొద్దున్నించీ నేను గొర్రెనే."

యువరాజ్ రాడ్డు కింద పడేశాడు. నడుము దగ్గర్నించి చిన్న కత్తి తీశాడు. నేల మీద కూలబడి ఉన్న పార్థిబన్ ముందు గొంతుక్కూర్చుని, అతని కుడిచెయ్యి తన ఒళ్లోకి తీసుకున్నాడు. పసిపిల్లాడి మొలతాడు సరిచేస్తున్నంత మెల్లగా కత్తి మొన దారం కిందికి పోనిచ్చాడు.

"యువా, అది ముట్టొద్దు."

"మురుగా, తప్పు నాది," అన్నాడు యువరాజ్ కళ్లు మూసుకుని. "వీళ్లది కాదు. ఏం చేసినా నన్నే చెయ్యి."

దారం తెగింది. అతను దాన్ని రెండు కళ్లకూ అద్దుకుని, కింద పడకుండా బోరు గొట్టం మీద పెట్టి, దణ్ణం పెట్టుకున్నాడు. లావుపాటివాడు కూడా చెంపలు వేసుకున్నాడు. ఇప్పుడు లెక్క సరిపోయింది, కొట్టొచ్చు.

"పట్టుకోండి రా ఇంక. కాప్పు లేదు."

పార్థిబన్ తన మణికట్టు చూసుకున్నాడు. దారం ఉన్నచోట పసుపు గీత మిగిలింది. కాసేపు దాన్నే చూశాడు.

"నువ్వే తెంపినావు," అన్నాడు.

"నేనే తెంపినా."

"నేను విప్పలేదు. మీరు ముగ్గురూ చూసినారు."

"చూసినాము బావా. అయితే ఏంది?"

తమకు పాపం తగలకుండా చూసుకున్నారు ఆ ముగ్గురూ. అందాకే ఆలోచించారు. ఆ దారం ఎవరిని కాపాడుతోందో ఒక్కడికీ తట్టలేదు.

పార్థిబన్ లేచాడు. లేస్తూనే సన్నటివాడి తల రెండు చేతుల్లోకి తీసుకుని తన నుదుటితో ముక్కు మీద పొడిచాడు. ముక్కు పగిలి, వాడు నోరు తెరిచినా అరుపు రాలేదు. ముఖం పట్టుకుని మోకాళ్ల మీద కూలబడ్డాడు. లావుపాటివాడు వెనకనుంచి నడుము పట్టేశాడు. పార్థిబన్ వాడితో సహా వెనక్కి వెనక్కి పరిగెత్తి బట్టీ గోడకేసి కొట్టాడు. ఒకసారి. ఇంకోసారి. మూడోసారికి గోడలో కాలని ఇటుకలు కదిలి ఇద్దరి మీదా రాలాయి. వాడి చేతులు సడలాయి. వాడు పాక్కుంటూ రెండు బారలు పోయి, లేచి, రొమ్ము పట్టుకుని బట్టీ పక్కనున్న తోటలోకి పరిగెత్తాడు. ముక్కు పగిలినవాడు వాడి వెనకే తూలుకుంటూ పోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

యువరాజ్ పారిపోలేదు. రాడ్డు అందుకుని మోకాలికే గురిచూసి కొట్టాడు. పార్థిబన్ కాలు తీశాడు గానీ, దెబ్బ పిక్క మీద పడి మంట తలదాకా పాకింది. రెండోసారి ఎత్తిన చేతిని అతను గాలిలోనే పట్టుకున్నాడు. మోచెయ్యి తన తొడ మీద ఆనించి, కట్టెపుల్ల విరిచినట్టు కిందికి నొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. యువరాజ్ అరుపు మాత్రం రోడ్డు మీది "అరోగరా"లో కలిసిపోయింది.

అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. నిన్నటి నుంచీ వెనక్కి తోసిన సత్తువంతా ఒక్కసారిగా వచ్చేసింది. యువరాజ్ రొమ్ము మీద కూర్చుని పిడికిలితో ముఖం మీద కొట్టాడు. పెదవి చీలింది, పన్ను విరిగింది, కనుబొమ చిట్లి నెత్తురు కంట్లోకి కారింది. కొడుతున్నంతసేపూ పార్థిబన్‌కు హాయిగా ఉంది. ఇది రాయకూడదు గానీ నిజం. నొప్పులన్నీ ఎటో పోయాయి, కాళ్లలో బొబ్బలు కూడా లేవు. ఎడమచేతికి ఒక ఇటుక దొరికింది. దాన్ని తల పైదాకా ఎత్తాడు.

"పార్థిబా!"

బట్టీ మూల దగ్గర కస్తూరమ్మ. ఒక చేతిలో మజ్జిగ సీసా, ఇంకో చేతిలో మోపెడ్ తాళాలు. పరిగెత్తుకొచ్చి ఇటుక పట్టుకున్న చేతికి వేలాడింది.

"ఇడువు! ఇడువు రా నాయనా! వాడు చచ్చిపోతాడు!"

"చావనీ. నాకు కాలు లేకుండా చేసేదానికి వచ్చినాడు అక్కా."

"అవును!" అని అరిచాడు యువరాజ్ కిందనుంచి. నోట్లో నెత్తురు గుడగుడమంది. "కాలు ఇరిచేదానికే వచ్చినా! కాలు ఇరిగితే ఆస్పత్రిలో పండుకోనుంటావు. ఆస్పత్రిలో ఉంటే బతికుంటావు బావా!"

ఇటుక పట్టుకున్న చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది.

"ఏందిరా చెప్తా ఉండావు?"

"ఏకాంబరం నన్ను పంపలేదు. నేను వచ్చింది ఆయనకు తెలిస్తే నన్నూ నరుకుతాడు. నిన్న రాత్రి గోడౌన్‌లో మాట్లాడుకుంటా ఉంటే విన్నా. కొండ మెట్ల మింద నిన్ను చంపేదానికి పెట్టుకున్నారు. పైకి ఎక్కేటప్పుడు, జనం తోపులాటలో. పడిపోయినాడు, ఎండకు గుండె ఆగిపోయింది అనుకుంటారంట. నిన్నటి నుంచీ పరిగెత్తినోడు పడిపోతే ఎవుడు అడుగుతాడు బావా?"

"ఎవురు రా?"

"తెలీదు. మనోళ్లు కాదు, బయటినించి పిలిపించినారు. పసుపు గుడ్డ కట్టుకోని, కావడి ఎత్తుకోని ఉంటాడంట." యువరాజ్ ఏడవసాగాడు. విరిగిన చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, చిన్నపిల్లాడిలా. "అట్లాంటోళ్లు కొండ నిండా ఉండారు. ఎవర్నని పట్టుకునేది? నీకు చెప్తే వింటావా నువ్వు? చెప్తే ఇంకా బిరీన పరిగెత్తుతావు. అందుకే ఇరగ్గొడదాం అనుకున్నా."

పార్థిబన్ ఇటుక పక్కన పెట్టాడు. దించి పెట్టిన తీరు చూస్తే అది గుడ్డు అనుకోవచ్చు. యువరాజ్ మీంచి లేచి, బోరు గట్టు మీద కూర్చున్నాడు. ఇప్పుడు నొప్పులన్నీ తిరిగొచ్చాయి, వడ్డీతో సహా.

కస్తూరమ్మ చూపు అతని ఖాళీ మణికట్టు మీద పడింది. బోరు గొట్టం మీది దారం మీద పడింది. ఏం జరిగిందో అడగలేదు. కొంగు చింపి యువరాజ్ చేతికి కట్టు కడుతూ, "నేనేం చూడలా," అంది. "నువ్వు జారి పడినావు. వీడూ జారి పడినాడు. బురదగా ఉండాది గదా."

"అక్కా..."

"నోరు ముయ్యి. పరుగు ఇంతటితో చాలు. పండుకో ఈడనే. పిక్క పట్టేసిందని నేను ఆవడోళ్లకు చెప్తా."

"షెడ్డు?"

"షెడ్డు పోతే పోనీ. నేను యాడో ఒకచోట రాళ్లు పెట్టి పొయ్యి వెలిగిస్తా. నీ భార్యకు నిన్ను ఎట్లా తెచ్చి ఇచ్చేది నేను, కావడి మాదిరి మోసుకోనా?"

షెడ్డు ముందు మధ్యాహ్నం ప్లేట్లు పట్టుకుని నిలబడే వాళ్లు గుర్తొచ్చారు పార్థిబన్‌కు. బట్టీలు మూతబడి కూలి లేనివాళ్లు. వాళ్ల రేషన్ బియ్యాన్ని ఏకాంబరం కోసం ఇన్నేళ్లూ లారీకెత్తింది తన వీపే. అయినా బతకాలనీ ఉంది. ఇంటికెళ్లి, కూతురు దీపిక పక్కన నేల మీద పడుకుని, రెండు రోజులు లేవకూడదని ఉంది. మొదటిసారి అతను బూట్ల వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు.

"సరే అక్కా," అన్నాడు. "ఆపేస్తా."

యువరాజ్ పగిలిన నోటితోనే నవ్వాడు.

అప్పుడు కస్తూరమ్మ ఫోను మోగింది. జ్యోతిక. కస్తూరమ్మ కళ్లతోనే అడిగి, స్పీకర్ పెట్టింది.

"అక్కా, మామ యాడిదాకా వచ్చినాడు?" వెనకంతా మేళాలు, జనం గోల. "చెప్పొద్దనుకున్నా, కానీ ఉండబట్టలేదు. మేము కరెంటు రైలెక్కి వచ్చేసినాము. కొండ మిందనే ఉండాము, మెట్లు అయిపోయే కాడ. దీపిక పూలమాల పట్టుకోని నిలబడే ఉండాది. కూసోమంటే కూసోదు."

పార్థిబన్ లేచి నిలబడ్డాడు. ఎప్పుడు లేచాడో అతనికే తెలియదు.

"జ్యోతీ, నేను. కిందికి దిగిపో. బిడ్డను తీసుకోని ఇప్పుడే దిగు."

"ఈ జనంలో యాడ దిగేది మామా? బండ్లు గూడా ఊరి బయటనే ఆపేసినారంట. ఏం పరవాలేదు, నీడలోనే ఉండాము. మన యువా పంపించినాడంట, ఒకాయన వచ్చి చోటు చూపించినాడు. పాపం, కావడి ఎత్తుకోనుండి గూడా పాప చెయ్యి పట్టుకోని ఎండ తగలకుండా చూసుకుంటా ఉండాడు. నువ్వొచ్చేదాకా యాడికీ కదలొద్దు అన్నాడు."

పార్థిబన్ యువరాజ్ వైపు చూశాడు. యువరాజ్ ముఖం నెత్తురు లేనిచోటల్లా సున్నం కొట్టినట్టు తెల్లబడింది. తల అడ్డంగా ఊపాడు. తర్వాత గొణిగాడు.

"నేనెవర్నీ పంపలేదు బావా."

కస్తూరమ్మ తాళాలు చేత్తో గట్టిగా పట్టుకుంది. కావడి జనంతో నిండిన ఆ రోడ్డు మీద బండి పోయే దారి లేదని ఆమెకూ తెలుసు. పార్థిబన్ అప్పటికే తడి కాళ్లను బూట్లలోకి కుక్కుతున్నాడు. లేసులు ముడేస్తూనే ఫోను వైపు వంగాడు.

"సరే జ్యోతీ. వస్తా ఉండా. ఆయన ఏమన్నా చెప్తే సరే అను. పాపకు ఫోనియ్యి ఒక్కసారి."

ఫోను చేతులు మారిన చప్పుడు. పక్కనే ఎవరో మెల్లగా నవ్విన చప్పుడు. తర్వాత దీపిక గొంతు.

"నాయనా, ఈ మామ కావడిలో నెమలీకల కింద ఏందో దాచి పెట్టుకోనుండాడు. ఏందని అడిగితే, మీ నాయన వచ్చినాక చూపిస్తా అంటా ఉండాడు. బిరీన రా నాయనా, నాకు చూడాల."